అరలో మూడో బొమ్మ ఎందుకు లేదంటే

చిరంజీవి చెల్లాయికి,

అన్నయ్య దీవించి రాస్తున్నది. అమ్మా, మీ వదినా, నేనూ కులాసాగానే ఉన్నాం. బావగారు, అమ్మాయి, నువ్వు కూడా బాగున్నారని నీ ఉత్తరం చూసి మనసు కుదుటపడింది. ఆ ఉత్తరం వచ్చి ఇరవై రోజులైంది. అన్నయ్య ఇంత ఆలస్యం ఎప్పుడూ చేయడే అని నువ్వు అనుకునే ఉంటావు. మధ్యలో రెండుసార్లు నువ్వు ఫోన్ చేస్తే పని మీద ఉన్నానని పెట్టేశాను. పని ఏమీ లేదు. ఎందుకలా చేశానో చివరిదాకా చదివితే నీకే తెలుస్తుంది.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు చెప్తాను. అమ్మ కొత్త పళ్ళ సెట్టు ఇప్పుడు బాగానే కుదిరింది. మొదటి వారం మాత్రం నన్ను కాల్చుకు తింది. "ఊరందరికీ ముత్యాల్లాంటి పళ్ళు కట్టిస్తాడు, కన్నతల్లికి మాత్రం గుర్రప్పళ్ళు పెట్టాడు" అని వచ్చినవాళ్ళందరికీ నోరు తెరిచి మరీ చూపించింది. రెండుసార్లు అరగదీశాక దారికి వచ్చింది. ఇప్పుడు అద్దం ముందు నిలబడి తనలో తనే నవ్వుకుంటోంది. మీ వదిన బడి లైబ్రరీని కింది గదిలోకి మార్చారట. గోడలకి చెమ్మ, పుస్తకాలకి బూజు. రోజూ తుమ్ముకుంటూ వచ్చి, తుమ్ముకుంటూనే నా సినిమా విలన్ బొమ్మల అర తుడుస్తుంది. "అరవై ముగ్గురు దుర్మార్గులకి చాకిరీ చేస్తున్నాను, ఏ జన్మలో ఏ పాపం చేశానో" అంటుంది. నువ్వు మీ వాతావరణ కేంద్రం మీదనుంచి బెలూన్ ఎగరేస్తున్న ఫోటోని అమ్మ మంచం దగ్గర గోడకి అంటించుకుంది. దంతవైద్యుల దగ్గర్నుంచి నాకు పళ్ళ అచ్చులు పట్టుకొచ్చే మనిషికి కూడా చూపించి, "మా అమ్మాయి, గాలి ఎటు వీస్తుందో ఈవిడ చెబితేనే తెలుస్తుంది" అంది.

మా మేనకోడలు అడిగిన ప్రశ్నకి కూడా ఇక్కడే చెప్పేస్తాను. నా విలన్లందరిలో ఎవరు గొప్ప అని కదా. నా ఓటు నీడల దర్జీకి. సినిమాలో కత్తెరతో జనం నీడలు కత్తిరించుకుపోతాడే, ఆయన. బొమ్మ జానెడు లేదు గాని, మెడలో టేపు, చెవి మీద సుద్దముక్క, నోట్లో నాలుగు గుండుసూదులు, అన్నీ ఉన్నాయి. సూదుల్లో ఒకటి విరిగిపోతే పళ్ళ సెట్టుకి వేసే తీగతో నేనే చేసి పెట్టాను. ఏది అసలుదో, ఏది నాదో వచ్చినప్పుడు కనిపెట్టమను.

ఇక నువ్వు అడిగిన ఆఖరి సంగతి. పోయిన సెలవుల్లో అమ్మాయి అర ముందు నిలబడి, "మామయ్యా, ఈ హీరో సినిమాలు అయిదు కదా, ఒకటో విలన్, రెండో విలన్, నాలుగు, అయిదు ఉన్నారు. మూడోవాడేడీ?" అంటే, దొరకలేదమ్మా అన్నాను. నువ్వు అప్పుడేమీ అనలేదు. ఉత్తరంలో రాశావు: "దొరక్క కాదని నాకు తెలుసు అన్నయ్యా. నాకోసమే కొనలేదు. ఇన్నేళ్ళయినా గుర్తుపెట్టుకున్నావు చూడు, అందుకే నువ్వంటే నాకు అంత ఇది." ఆ వాక్యం చదివి కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. ఇంకా జేబులోనే ఉంది. చొక్కా మారిస్తే అదీ మారుతోంది.

ఆ సంగతి రాసే ముందు మా ఆదివారం సభ గురించి చెప్పాలి. కళ్ళజోళ్ళ షాపు పైగదిలో ప్రతి ఆదివారం పొద్దున కలుస్తాం. షాపాయన, పింఛను పుచ్చుకుంటున్న లెక్కల మాస్టారు, సిటీ బస్సులో పనిచేసే కండక్టరమ్మ, నేను. గోడ మీద కళ్ళ పరీక్ష అక్షరాలు, కింద గుండ్రటి బల్ల. ఒకరు ఒక విలన్ బొమ్మ తెచ్చి బల్ల మీద నిలబెడతారు. ఒకరు నేరం మోపాలి, ఒకరు వెనకేసుకురావాలి. మాస్టారు ఎప్పుడూ నేరం మోపేవైపే. "వెయ్యిమంది నీడలు కత్తిరించి, చిన్నప్పుడు నా నీడ కాలిపోయిందండీ అని ఒక్క కష్టం చెబితే సరిపోతుందా? అటు వెయ్యి, ఇటు ఒకటి. నాకు లెక్క కుదరడం లేదు" అంటాడు. నేను ఎప్పుడూ విలన్ వైపే. దెబ్బ తిన్నవాడే దెబ్బ కొడతాడు, పుట్టుకతో ఎవడూ చెడ్డవాడు కాడు, ఇదే నా పాట. అందుకని నాకు వకీలు అని పేరు పెట్టారు. ఆ పేరంటే నాకు లోలోపల గర్వం కూడా. అది కూడా రాసేస్తున్నాను.

నెలన్నర కింద ఆ బిల్డింగు లిఫ్టు మధ్యలో ఆగిపోయి మాస్టారు ముప్పావుగంట అందులో ఇరుక్కున్నాడు. మెకానిక్కు వచ్చి బయటికి తీశాడు. మాస్టారు ఆ మనిషి చెయ్యి వదలకుండా, "ప్రాణదాత, టీ తాగకుండా వెళ్ళడానికి వీల్లేదు" అని పైకి లాక్కొచ్చాడు. చేతుల నిండా గ్రీజు, జుట్టు సగం పోయింది. గుమ్మంలో ఉండగానే గుర్తుపట్టాను. నిలబడ్డ చోట నిలబడలేక కాళ్ళు కదుపుతూనే ఉన్నాడు.

బొంగరం. మన పక్కింటి బొంగరం.

"నువ్వా రా!" అని వచ్చి గ్రీజు చేతులతోనే కావలించుకున్నాడు. నేను తిరిగి కావలించుకోలేదు. వాడికి తెలిసే ఉంటుంది గాని తెలియనట్టే ఉన్నాడు. అమ్మ ఎలా ఉందని అడిగాడు. నీ గురించి అడగలేదు. తర్వాత రెండు ఆదివారాలు వచ్చి ఓ మూల కూర్చుని విన్నాడు. మూడో ఆదివారం గుడ్డసంచీ తెచ్చి, అందులోంచి ఒక బొమ్మ తీసి బల్ల మీద పెట్టాడు.

ఇనపడెక్క.

ఈ మాట నా చేత్తో రాసి నీకు పంపాల్సి వస్తుందని ఎప్పుడూ అనుకోలేదమ్మా. రాయకుండా చెప్పే దారి లేదు. ఆ మూడో విలన్‌కి ఎడమకాలు మోకాలి కిందనుంచీ ఇనుము, అడుగేస్తే ఊళ్ళో గ్లాసుల్లో నీళ్ళు ఒణికేవి. ఆ సినిమా వచ్చిన ఏడు నీకు తొమ్మిదేళ్ళు, నాకు పదమూడు.

కండక్టరమ్మ బొమ్మని తిప్పి చూసి, "వకీలు గారూ, కానివ్వండి" అంది. లేచి వెళ్ళిపోవచ్చు. ఒంట్లో బాగాలేదనొచ్చు. నేను వాదించాను చెల్లాయీ. ఎన్నడూ లేనంత బాగా వాదించాను.

"ఈ మనిషికి గనిలో కాలు పోయింది. పెట్టుడుకాలు తన చేత్తో తనే చేసుకున్నాడు. అప్పటికి ఎవరికీ ఏ అపకారమూ చేయలేదు. కొత్తకాలుతో మొదటిసారి వీధిలోకి వస్తే గుంపులోంచి ఎవడో 'ఇనపడెక్క' అన్నాడు. ఊరంతా నవ్వింది. అసలు విలన్ వాడు. సినిమాలో వాడి మొహం కూడా చూపించరు. గుంపులోంచి ఒక గొంతు, అంతే" అన్నాను.

మాస్టారు కూడా చప్పట్లు కొట్టాడు. షాపాయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. అందరికంటే ఆఖర్న, నెమ్మదిగా బొంగరం కొట్టాడు.

కండక్టరమ్మ మాత్రం కొట్టలేదు. "అయితే ఆ మాట పడ్డవాళ్ళందరూ ఊళ్ళు కూలగొట్టేస్తారా ఏంటి? మా డిపోలో ఒకామె ఉంది, కాలీడ్చుకుంటూ వస్తుంది. ఆమె బస్సు ఒక్కరోజు ఆలస్యం కాదు. ఆమె మీద ఎవరూ సినిమా తియ్యరు. ఈ సినిమావాళ్ళు కాలు తీసేస్తే విలన్‌కే తీసేస్తారు, మొహం కాలిస్తే విలన్‌కే కాలుస్తారు. మీరేమో వాడికి కష్టం వచ్చింది కాబట్టి చెడ్డవాడయ్యాడంటారు. రెండూ ఒకటే మాట కదండీ" అంది.

ఏడేళ్ళు ఆ పేరు మోసిన నువ్వు ఏం కూలగొట్టావు? వ్యాసాల పోటీలో మొదటి బహుమతి వస్తే స్టేజీ చెక్కల మీద నడిస్తే చప్పుడవుతుందని పైకి వెళ్ళకుండా కిందే కూర్చుండిపోయావు. నువ్వు చేసిన విధ్వంసం అంతే.

మెట్లు దిగుతుంటే బొంగరం నా పక్కనే వచ్చాడు. "బాగా మాట్లాడావు రా. ఆ గుంపులో గొంతు అన్నప్పుడు నా వంక చూస్తావేమో అనుకున్నా. బల్ల వంక చూశావు" అన్నాడు.

ఇక దాచడానికి ఏమీ లేదు చెల్లాయీ. నిన్ను మొదట ఆ మాట అన్నది బొంగరం కాదు. నేను.

సందు చివర పాత గోడౌను దగ్గర ఆడుకునేవాళ్ళం, గుర్తుందా. పెద్ద క్లాసు కుర్రాళ్ళు నన్ను ఆటలోకి రానిచ్చేవాళ్ళు కాదు. ఆ రోజే మొదటిసారి రానిచ్చారు. అంతలో మలుపు అవతల నీ కాలికి ఊతంగా కట్టిన ఇనప పట్టీల చప్పుడు వినిపించింది. అమ్మ నన్ను పిలుచుకు రమ్మని నిన్ను పంపింది. నువ్వు ఇంకా కనిపించలేదు, చప్పుడే. ఒకడు, "నీ చెల్లెలొస్తోంది, ఇంక నీ ఆట అయిపోయింది పో" అన్నాడు. నేను వాడికంటే గట్టిగా, అందరికంటే ముందు, సినిమాలో గొంతు పెట్టి, "ఇనపడెక్క వస్తోందిరోయ్, పరిగెత్తండి!" అని అరిచాను. అందరూ పకపకా నవ్వి పరిగెత్తారు. నేనూ పరిగెత్తాను. పరిగెడుతుంటే ఒక పెద్దకుర్రాడు నా భుజం మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి నాకు ఎంత బాగుందో ఈ రోజుకీ గుర్తుంది. అదే నాకు అన్నిటికంటే సిగ్గు.

బొంగరం ఒక్కడే పరిగెత్తలేదు. అందుకని నువ్వు మలుపు తిరిగేసరికి నీకు కనిపించింది వాడొక్కడే.

ఇంటికొచ్చి నువ్వు ఏడుస్తుంటే అమ్మ నన్ను అడిగింది, "అన్నది పక్కింటివాడేనా?" అని. నేను "ఊ" అన్నాను. అంతే. అమ్మ గబగబా వెళ్ళి వాళ్ళమ్మ ముందే వాడి చెంప పగలగొట్టింది. మర్నాటికి బడంతా ఆ పేరు పాకిపోయింది. బెంచీల మీద చెక్కారు, బోర్డు మీద రాశారు. నిన్ను ఆ పేరుతో పిలిచినవాడి మీద నేను కలబడి చొక్కా చింపుకుని వచ్చాను. నువ్వు కూర్చుని గుండీలు కుట్టిపెట్టి, "నాకు మా అన్నయ్య ఉన్నాడు" అని అమ్మతో అన్నావు. ఆ చొక్కా నేను మళ్ళీ వేసుకోలేదు. పొట్టిదైపోయిందని చెప్పాను.

ఇక్కడితో ఆగినా పోయేది. నీకు ఇరవై నాలుగేళ్ళప్పుడు వాళ్ళమ్మ మనింటికి వచ్చి నిన్ను బొంగరానికి అడిగింది. నువ్వు, "నోరారా నాకు ఆ పేరు పెట్టినవాడితో కాపురమా? చచ్చినా చేసుకోను" అన్నావు. ఆ కబురు మోసుకెళ్ళింది నేనే. నువ్వు ఏదో పోగొట్టుకున్నావని నేను అనడం లేదు. బావగారు బంగారంలాంటి మనిషి. బొంగరం కూడా పెళ్ళి చేసుకున్నాడు, ఇద్దరు ఆడపిల్లలు, ఇల్లు కళకళలాడుతోంది. నువ్వు వద్దనుకుంటే వద్దనుకునే హక్కు నీది. కాని ఆ వద్దు అనే మాట నా అబద్ధం మీద నిలబడి అన్నావు. అది నీకు తెలియకుండా ఉంచినవాణ్ణి నేను.

మెట్ల మీదే వాణ్ణి అడిగాను. "సంబంధం అడిగినప్పుడైనా చెప్పొచ్చు కదరా."

"నువ్వు మా గుమ్మంలో నిలబడి 'మా చెల్లికి ఇష్టం లేదు' అన్నప్పుడు నీ మొహమే చూస్తూ ఉన్నా. చెబుతావేమో అని చాలాసేపు చూశా. నువ్వు చెప్పులేసుకున్నావు."

"మరి నువ్వెందుకు చెప్పలేదు? చిన్నప్పుడే చెప్పేయొచ్చుగా, నేను కాదు, వాళ్ళన్నే అని."

వాడు మెట్టు మీద ఆగాడు. కాళ్ళు కదపకుండా వాణ్ణి నేను చూడటం అదే మొదటిసారి. "చెబితే ఏమయ్యేది రా? పక్కింటివాడు వెక్కిరిస్తే ఆ అమ్మాయి ఇంట్లోకెళ్ళి తలుపేసుకోవచ్చు. ఇంట్లోవాడే అన్నాడంటే ఏ తలుపేసుకుంటుంది?" అన్నాడు. పదమూడేళ్ళప్పుడు అనుకున్న మాటట అది. చెంప మీద అమ్మ వేళ్ళు అచ్చుపడి ఉండగా అనుకున్నాడట.

"మరి ఇప్పుడు ఈ బొమ్మ ఎందుకు తెచ్చావు?" అన్నాను.

"నువ్వు అందరి తరఫునా మాట్లాడుతున్నావు కదా, దీని గురించి ఏమంటావో విందామని. అంతే" అని వెళ్ళిపోయాడు.

ఇప్పుడు నీ ప్రశ్నకి జవాబు. మూడో బొమ్మ కొనడం నీకోసం మానలేదమ్మా. బొమ్మలమ్మే అంగడివాడు రెండుసార్లు నాకోసం తీసి పక్కన పెట్టాడు. రెండుసార్లూ వద్దన్నాను. పొద్దున లేస్తే అది నా వంకే చూస్తుందని. నీ మీద ప్రేమ అని నువ్వు రాసినది నా పిరికితనం. నువ్వు మెచ్చుకున్నావు కాబట్టే ఇప్పుడు చెప్పాల్సి వచ్చింది. మెచ్చుకోకపోతే ఇంకా ఎన్నాళ్ళు దాచేవాణ్ణో నాకే నమ్మకం లేదు.

తర్వాతి ఆదివారం సభలో లేచి నిలబడి అందరి ముందూ చెప్పేశాను. గుంపులో గొంతు నాదేనని. చెప్పేశాక గుండె బరువు దిగినట్టయింది. అదే తప్పు. కండక్టరమ్మ టీ గ్లాసు కింద పెట్టి, "ఇప్పుడు మేం దీనికి కూడా చప్పట్లు కొట్టాలా అండీ? మేమెవరం? చెప్పాల్సిన చోట చెప్పుకోండి" అంది. మాస్టారు నా వైపు చూడలేక గోడ మీద అక్షరాలు చదువుతూ కూర్చున్నాడు.

ఇంటికొచ్చి అమ్మకి చెప్పాను. అమ్మ తిట్టలేదు. పళ్ళు తీసి గిన్నెలో పెట్టింది. "పరాయి పిల్లాణ్ణి కొట్టాన్రా. వాళ్ళమ్మ చూస్తుండగా కొట్టాను" అంది. మర్నాడు తనని తీసుకెళ్ళమంది. బొంగరం ఇంట్లో కుర్చీ వేస్తే కూర్చోలేదు. వాడి దగ్గరికి వెళ్ళి చెయ్యెత్తితే మొహం అందలేదు. వాడే వంగాడు.

"ఏ చెంప నాయనా?" అంది.

"అవన్నీ ఇప్పుడెందుకు అత్తయ్యగారూ, నాకు గుర్తు కూడా లేదు."

"నాకుంది. ఎడమది" అని ఆ చెంప మీద చెయ్యి పెట్టి ఉంచింది. వాడి భార్య లోపలికి వెళ్ళిపోయింది. నేను గుమ్మం బయటే నిలబడ్డాను. లోపలికి రమ్మని ఎవరూ అనలేదు. నేను వెళ్ళాలని అనుకోనూ లేదు.

మీ వదిన రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు నేను కాగితాల ముందు కూర్చుంటే వెనకనుంచి చదివి, "క్షమించు అని రాయకు. అలా రాస్తే ఆవిడ నెత్తిన ఇంకో పని పెట్టినట్టు. తప్పు నీది, దాన్ని క్షమించే చాకిరీ కూడా ఆవిడేనా చేసేది?" అంది. అప్పటికే నాలుగుసార్లు రాసి ఉన్నాను. ఆ కాగితాలు చింపేశాను. అందుకని నా మాటగా అది ఈ ఉత్తరంలో నీకు ఎక్కడా కనిపించదు. అనిపించక కాదు.

ఇంకొక్కటి మాత్రం చెప్పాలి. ఆ రోజు వెక్కిరిద్దామని అనలేదు. నీ కాలు చూసి నాకు నవ్వు రాలేదు. నీతో కలిసి నడిస్తే నన్ను చూసి నవ్వుతారని భయపడ్డాను. అమ్మ బడి నుంచి నిన్ను చెయ్యి పట్టుకు తీసుకురమ్మనేది. నేను పదడుగులు ముందు నడిచేవాణ్ణి. నువ్వు వెనకనుంచి "అన్నయ్యా, ఆగు" అనేదానివి. నేను వేగంగా నడిచేది దారి చూపించడానికని నువ్వు అమ్మతో చెప్పేదానివి. అప్పుడూ నువ్వు నన్ను మంచివాణ్ణే చేశావు.

ఇది బావగారికి చెప్పాలో వద్దో, అమ్మాయికి ఎప్పుడు చెప్పాలో అంతా నీ ఇష్టం. మామయ్య అలా ఎందుకు చేశాడని అమ్మాయి అడిగితే నన్ను వెనకేసుకు రాకు. ఉన్నది ఉన్నట్టు చెప్పు. ఈ సెలవుల్లో మీరు రాకపోయినా ఎందుకు రాలేదని అమ్మ అడగదు. నేను చెప్పి ఉంచాను.

బొంగరాన్ని అడిగి వాడి ఇంటి చిరునామా, ఫోన్ నంబరు విడిగా ఇంకో కాగితం మీద రాయించాను. అదే ఇందులో పెడుతున్నాను. ఆ రాత వాడిది. నాకు జవాబు రాయకపోయినా సరే, వాడికి రాయాలనిపిస్తే నేరుగా రాయి. వాడు నీకేం రాసినా, నువ్వు వాడికేం రాసినా, నేను అడగను.

ఇట్లు,
నీకంటే పదడుగులు ముందు నడిచిన
అన్నయ్య